మేనేజరు గారి ఊక సంచి

మేనేజరు గారు పోయారు. మొన్న ఉదయం గుడివాడ రైల్లో వచ్చిన టిక్కెట్టు కలెక్టరు స్టేషను దగ్గర సోడా కొట్టాయనకు చెప్పాడట. సోడా కొట్టాయన కొట్టు తలుపులు దగ్గరికి వేసి, ముసురులో గొడుగైనా లేకుండా కోర్టు దాకా నడిచి వచ్చాడు. నేను రికార్డు గదిలో పాత కట్టలు విప్పుతున్నాను. గుమ్మంలో నిలబడి, "మన మేనేజరు గారు వెళ్లిపోయారండీ. నిన్న సాయంత్రమట. ఇవాళ నాలుగింటికి సమాధి చేస్తారట" అన్నాడు. పైపంచెతో తల తుడుచుకుంటూ, "ఇంతకీ ఆయన మనల్ని ఎందుకు వదిలి వెళ్లారో ఇక తెలియదేమోనండీ" అన్నాడు.

చావు కబురు చెప్పడానికి వచ్చి ఆ మాట అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు. ఆ క్షణంలో నా మనసులో ఉన్నదీ అదే. పన్నెండేళ్లుగా బందరులో బంతాట చూసే ప్రతివాడి మనసులోనూ ఉన్నదదే.

బందరు వారు కాని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. మేనేజరు అనగానే ఏ బ్యాంకు మేనేజరో అనుకునేరు. ఆయన మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరు. ఉద్యోగం బళ్లో డ్రిల్లు మాస్టరు. జట్టు పనికి జీతమూ లేదు, బత్తెమూ లేదు. ఎవరు ఎక్కడ ఆడాలి, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి అన్నది నిర్ణయించడం ఆయన వంతు. దాని మీద తగాదా పడడం ఊరి వంతు. ఊరు తన వంతు ఏనాడూ తక్కువ చేయలేదు.

పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, తెల్ల చొక్కా, మెడలో కండువా. బంతిలోకి గాలి కొట్టి, తోలు మూతికి తాడు బిగించాక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. గాలి కారుతుందేమో వినడానికట. చూసేవాళ్లకు మాత్రం బంతి ఆయనకేదో రహస్యం చెబుతున్నట్టుండేది. ఆట జరుగుతుంటే బంతి వంక చూడగా నేనెప్పుడూ చూడలేదు. అందరూ "గోలు! గోలు!" అని ఎగురుతుంటే ఆయన ఆటగాళ్ల కాళ్ల వంక చూస్తూ ఉండేవారు. ఒకసారి అడిగితే, "బంతిని చూడ్డానికి రెండు వేల మంది ఉన్నారు కదయ్యా. కాళ్లను చూసేవాడు ఒకడన్నా ఉండాలి" అన్నారు.

ఇక ఆ ఊక సంగతి. మా గ్రౌండు నల్లరేగడి. వానాకాలంలో పైకి పచ్చగా గడ్డి కనిపిస్తుంది, కింద అడుసు. మేమంతా ఒట్టి కాళ్లతో ఆడేవాళ్లం. ఎక్కడ కాలు నిలుస్తుందో ఎక్కడ దిగబడుతుందో దేవుడికే తెలియాలి. అందుకని మ్యాచి ఉన్న రోజు పొద్దున్నే ఆయన చెప్పులు విప్పేసి, భుజాన గోనెసంచి వేసుకుని, గ్రౌండంతా ఈ గీత నుంచి ఆ గీత దాకా అడుగులో అడుగు వేస్తూ నడిచేవారు. కాలు దిగిన ప్రతిచోటా సంచిలోంచి గుప్పెడు వరి ఊక తీసి చల్లేవారు. సాయంత్రానికి గ్రౌండు నిండా పసుపుపచ్చ మచ్చలు. అవి చూసుకుని మేము ఆడేవాళ్లం, అవతలి జట్టువాళ్లూ ఆడేవాళ్లు.

"వాళ్లకెందుకండీ మనం చూపించడం? దిగబడితే దిగబడతారు" అని ఒకసారి నేనే అన్నాను. అప్పుడు చెప్పారు. ఆయనది దివిసీమలో ఒక పల్లె. తండ్రి బండి తోలేవారు. పాలకాయతిప్ప వైపు దారిలో చెమ్మ నేల మీద బండ్లు వరసగా వెళ్తుంటే, ఈయన తండ్రి ఎడ్ల ముందు నడుస్తూ దిగబడే చోటల్లా ఊక చల్లేవారట. "వెనకొచ్చే బండి ఎవరిదని అడిగి చల్లేవాడు కాదయ్యా మా నాన్న" అన్నారు. నాకు ఆ జవాబు అంతగా నచ్చలేదు. బండి వేరు, గుడివాడతో మ్యాచి వేరు అనుకున్నాను.

నేను ఆ జట్టుకు గోల్‌కీపరుని. నా సంగతి నేనే చెప్పుకోవడం బాగుండదు గాని, మంచి కీపరుననే పేరుండేది. జట్టుకు ప్రెసిడెంటు మా మేనమామ. అందువల్ల నాకు ఆ చోటు దక్కిందని గిట్టనివాళ్లు అనేవాళ్లు. గిట్టనివాళ్ల మాట అలా ఉంచితే, మేనేజరు గారికి నా మీద ప్రత్యేకమైన అభిమానం ఉందని నేను నమ్మేవాణ్ణి. వారానికొకసారైనా దగ్గరికి వచ్చి, "ఏమయ్యా కీపరూ, కుడి మోకాలు ఎట్లా ఉంది?" అని అడిగేవారు. అంతకు ముందు ఏడాది గోలు కర్రకు కొట్టుకుని అది రెండు వారాలు వాచింది. తర్వాత కూడా గట్టిగా దూకితే లోపల ఏదో పక్కకి జరిగినట్టయ్యేది. అయినా నేను, "రాయిలా ఉందండీ" అనేవాణ్ణి. ఆయన తల ఊపి కాసేపు నా కాలి వంకే చూసి వెళ్లేవారు.

అలాంటి మనిషి ఒక ఎండాకాలం సెలవులయ్యాక బందరు బడికి రాలేదు. గుడివాడలో బడికి వెళ్లారని తెలిసింది. సరే, ఉద్యోగాలు మారడం లోకంలో ఉన్నదే. వారం తిరక్కుండా ఇంకో కబురొచ్చింది. గుడివాడ జట్టుకు మేనేజరుగా ఉంటున్నారట.

ఊరు ఊరంతా మండిపోయింది. గుడివాడ అంటే రైల్లో గంటన్నర ప్రయాణమే గాని, ఆట మైదానంలో మాకు వాళ్లంటే నిప్పు. వాళ్లకూ అంతే. స్టేషను దగ్గర సోడా కొట్టు ముందు బల్ల మీద రోజూ సాయంత్రం ఇదే పంచాయితీ. బళ్లో తెలుగు పంతులు గారు, కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ, సోడా కొట్టాయన, నేను అందులో పెద్దలం.

"మేనేజరు గారి భార్యది గుడివాడ వైపయ్యుంటుంది. పుట్టింటి మీద మనసు లాగి తీసుకుపోయింది" అన్నాడు దర్జీ.

"ఆవిడది మన ఇంగ్లీషుపాలెమేనయ్యా. వాళ్ల నాన్న నాకు ఎరుకే" అన్నారు పంతులు గారు. ఆయన లెక్క వేరు. కప్పు గెలిచినప్పుడు తీయించిన ఫోటోలో కమిటీ వాళ్లంతా కుర్చీల్లో కూర్చుని మేనేజరు గారిని చివర నిలబెట్టారట. ఆ అవమానం లోపల పెట్టుకున్నారట.

"ఆ ఫోటో మీరూ చూశారు, నేనూ చూశాను. మిగతా వాళ్లంతా బిగుసుకుని ఉన్నారు. నవ్వింది ఆయనొక్కరే" అన్నాడు సోడా కొట్టాయన. "నన్నడిగితే నీళ్లండీ. బందరు ఉప్పునీళ్లు పడలేదు. గుడివాడలో సోడా తియ్యగా ఉంటుందని నా నోటితో నేను అనకూడదు గాని..."

"ఉప్పునీళ్లూ కాదు, ఫోటో కాదు. ద్రోహం!" అన్నాను నేను. నాకు నోరెక్కువ. "పదేళ్లు మన ఆట, మన లోగుట్టు అంతా చూసి, పోయి వాళ్ల ఒళ్లో కూర్చున్నాడు" అన్నాను. మాటలో గారు, అండీ ఎప్పుడో ఎగిరిపోయాయి. ఆ మాట తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చివరికి ఆయన్నే అడిగేద్దామని పంతులు గారిని, దర్జీని రాయబారం పంపాం. ఒక పొట్లం బందరు లడ్డూలు కట్టించి పొద్దుటి రైలెక్కించాం. సాయంత్రం రైలుకు దిగేసరికి ముప్ఫైమంది స్టేషన్లో ఉన్నాం. పంతులు గారు మొహం తేలేసి దిగారు.

"ఏమన్నారండీ?"

"భోజనం పెట్టారు. ఆవిడ మామిడికాయ పప్పు చేసింది, చాలా బాగుంది."

"అది కాదండీ, ఎందుకు వెళ్లారట?"

"అడిగామయ్యా. మన గ్రౌండులో పడమటి గోలు ముందు ఎడమ పక్క నీళ్లు నిలుస్తున్నాయట, వానలు పడకముందే పది బండ్ల మట్టి తోలించమన్నారు. మళ్లీ అడిగాం. కీపరు మోకాలు ఎట్లా ఉందన్నారు. మూడోసారి అడిగేసరికి రైలు టైమైంది."

నా మోకాలి ప్రసక్తి వినగానే నాకు ఒళ్లు మండింది. నా కాలి బలహీనత తెలుసుకుని వాళ్ల వాళ్లకు చెప్పడానికే అడిగాడని తేల్చేశాను. అందరూ ఔనన్నారు. మట్టి మాత్రం ఎవరూ తోలించలేదు.

వానాకాలం వచ్చింది. గుడివాడ జట్టు బందరు వచ్చింది. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికే గ్రౌండు చుట్టూ జనం చేరారు. ఎందుకంటే మేనేజరు గారు మొదటి రైల్లోనే దిగి, చెప్పులు విప్పి, భుజాన అదే గోనెసంచితో మా గ్రౌండంతా నడుస్తున్నారు. అడుగు, అడుగు, గుప్పెడు ఊక. ఎవరూ పలకరించలేదు. ఆయన మాత్రం తెలిసిన ప్రతివాడికీ చెయ్యెత్తి దణ్ణం పెట్టారు. పని అయ్యాక బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లారు.

"తన వాళ్లకు గుర్తులు పెట్టాడు. ఇదే దారిన రండిరా అని" అన్నాను నేను.

"మనకూ ఇట్లాగే చల్లేవారు కదయ్యా" అన్నారు పంతులు గారు.

"అప్పుడు మనవాడండీ!"

నా తెలివి చూడండి. ఈత చీపుళ్లు తెప్పించాను. దర్జీ, నేను, ఇంకో పదిమందిమి కలిసి ఊక మచ్చ ఒక్కటి మిగలకుండా ఊడ్చేశాం. ఊడ్చిన ఊకను తీసుకెళ్లి గట్టి నేల మీద అక్కడక్కడ చల్లాం. గుడివాడ వాళ్లు గట్టి నేల చూసి బెదరాలి, అడుసులో పరుగెత్తాలి. అదీ ఎత్తు. ఇంత చేసినవాళ్లం, ఊడ్చేటప్పుడు ఏ మచ్చ ఎక్కడుందో ఒక్కడూ గుర్తు పెట్టుకోలేదు. పదేళ్లుగా ఊక చూసి అడుగేసిన వాళ్లం మేము. ఊక లేని మా గ్రౌండు మాకే తెలియదు. ఆ సంగతి ఆట మొదలయ్యేదాకా ఎవరి బుర్రకూ తట్టలేదు.

సాయంత్రం మేనేజరు గారు తన జట్టుతో వచ్చి గీత దగ్గర ఆగిపోయారు. గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. సంచి భుజాన వేసుకుని, "రిఫరీ గారూ, ఒక్క పావుగంట ఇవ్వండి" అంటూ లోపలికి అడుగేశారు. జనం గోల పెట్టారు. అందరికన్నా పెద్ద గొంతు నాది. "గుడివాడ మేనేజరుకి మా గ్రౌండులో పనేమిటి? బయటికి నడవమనండి!" అన్నాను. ఆయన నా వంక చూశారు. కోపంగా కాదు. నా మొహం వంక కూడా కాదు, మోకాలి వంక. తర్వాత వెనక్కి అడుగేశారు.

మొదటి సగం ఎలాగో నెట్టుకొచ్చాం. రెండో సగంలో నేను పడమటి గోలులో నిలబడ్డాను. సన్నగా తుంపర పడుతోంది. వాళ్ల ఫార్వర్డు బంతిని ముందుకు తన్నుకుని వస్తుంటే, నేను ఎదురు పరుగెత్తి ఎడమ పక్కకి కుడికాలు ఊని దూకబోయాను. కాలు పిక్క దాకా దిగింది. ఒళ్లు ఒక పక్కకి, మోకాలు ఒక పక్కకి పోయాయి. ఆ చప్పుడు నాకు వినిపించింది. బంతి తాపీగా దొర్లుకుంటూ నా పక్క నుంచి గోల్లోకి వెళ్లింది. మట్టి తోలించమన్నది అక్కడేనని పడ్డాక గుర్తొచ్చింది.

గుడివాడ వాళ్లు ఎగురుతున్నారు. మావాళ్లు రిఫరీతో తగాదా పడుతున్నారు. నా దగ్గరికి ముందు వచ్చింది మేనేజరు గారు. అడుసులో మోకాళ్ల మీద కూర్చుని, తన కండువా తీసి నా మోకాలు బిగించి కట్టారు. కట్టడం అయ్యాక మెల్లగా అడిగారు.

"ఇక్కడ ఊక ఏమైందయ్యా?"

"గాలికి ఎగిరిపోయిందండీ" అన్నాను.

తడి అడుసుకు అంటుకున్న ఊక గాలికి ఎగరదు. పైగా ఆ రోజు గాలే లేదు. ఆయన నా కళ్లలోకి చూసి, "అవును, గాలే అయ్యుంటుంది" అన్నారు.

నా ఆట అక్కడితో సరి. ఆ మోకాలు మళ్లీ పూర్తిగా వంగలేదు. కర్ర సాయం లేకుండా కోర్టు మెట్లెక్కలేను. ఆయన మాత్రం ఏటా వానలు మొదలు కాగానే, గుడివాడ నుంచి వచ్చే ఎవరో ఒకరి చేత ఒక సీసాడు కాచిన నూనె పంపేవారు. "మోకాలికి రుద్దుకోమన్నారు. ఎట్లా ఉందో కనుక్కు రమ్మన్నారు" అనేవాళ్లు తెచ్చినవాళ్లు. నేను జవాబు పంపలేదు. సీసాలన్నీ అటక మీద వరసగా ఉన్నాయి. మొదట కోపం వల్ల, తర్వాత సిగ్గు వల్ల ఒక్కటీ మూత తీయలేదు. నిజం చెప్పాలనే ఉండేది. ఊడ్చింది నేనేనండీ అనాలి, మమ్మల్ని ఎందుకు వదిలారని అడగాలి. వచ్చే నెల వెళ్దామనుకుంటూనే పన్నెండేళ్లు గడిపేశాను.

మొన్న సోడా కొట్టాయన, నేను మధ్యాహ్నం రైల్లో గుడివాడ వెళ్లాం. పెట్టెలో ఆయన నన్ను, నేను ఆయన్ను అవే పాత ప్రశ్నలు వేసుకున్నాం. ఫోటోనా, నీళ్లా, ఇంకేమైనానా. కౌతవరం స్టేషను దాటేసరికి ప్రశ్నలు అయిపోయాయి.

ఇంటి ముందు పాత ఆటగాళ్లంతా ఉన్నారు. వరండాలో బల్ల మీద ఆ గోనెసంచి, పక్కన తాడు బిగించిన బంతి. మేనేజరు గారి భార్య లోపల చాప మీద కూర్చుని ఉన్నారు. నేను కర్ర ఆనించుకుని గుమ్మంలోకి వెళ్లి, బందరు నుంచి వచ్చానని చెప్పబోయేంతలో ఆవిడ నా కాలి వంక చూశారు.

"మీరేనా బాబూ, బందరు మోకాలు?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "ఆయన మీ పేరెప్పుడూ అనేవారు కాదు బాబూ. బందరు మోకాలు అనే. వాన పడితే చాలు, ఇవాళ బందరు మోకాలు నొప్పెడుతూ ఉంటుంది అనేవారు. ఆ నూనె నా చేత కాయించేది అందుకే" అన్నారు.

నేను ఆ చాప పక్కనే నేల మీద, వంగని కాలు చాపుకుని కూర్చుండిపోయాను. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. ఆ ఇంట్లో ఆ రోజున అడగదగ్గ ప్రశ్న కాదు. అయినా అడిగాను. "అమ్మా, ఆయన బందరు ఎందుకు వదిలేశారు?"

ఆవిడ ఎదురు ప్రశ్న వేశారు. "మీ మావయ్య గారు ఉన్నారా?"

"లేరమ్మా. రెండేళ్లయింది."

"అయితే ఇక చెప్పచ్చులెండి. ఇచ్చిన మాట ఆయన నిలబెట్టుకున్నారు. ఆ ఏడాది సెలవుల ముందు మీ మావయ్య గారి దగ్గరికి వెళ్లారు బాబూ. ఆ అబ్బాయి కుడి మోకాలు పక్కకి తొలుగుతోందండీ, నేను చూస్తూనే ఉన్నాను, ఒక్క ఏడాది కూర్చోబెట్టండి, లేకపోతే జన్మకి పనికిరాకుండా పోతుంది అన్నారు. మీ మావయ్య గారు ససేమిరా అన్నారు. మా మేనల్లుడికి సంబంధాలు చూస్తున్నాం, మోకాలు బాగాలేదని బయటికి పొక్కితే కుంటివాడంటారు, పిల్లనెవరిస్తారు, ఆటలోంచి తీస్తే ఊరంతా ఎందుకని ఆరా తీస్తుంది, తీయొద్దు, ఈ మాట ఎవరితోనూ, వాడితో కూడా అననని మాటివ్వమన్నారు. ఈయన ఇచ్చి వచ్చేశారు. ఆ సాయంత్రం అన్నం తినలేదు. మాటివ్వకుండా ఉండాల్సింది గాని, ఇచ్చేశాను, చెప్పలేను. ఆ కాలు విరిగేదాకా గీత అవతల నిలబడి చూడనూ లేను అన్నారు. గుడివాడ వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు, బళ్లో ఖాళీ ఉంది. వచ్చేశాం."

ఆ ఏడే శ్రావణంలో, గుడివాడతో ఆ మ్యాచికి ముందే, నా పెళ్లయింది. మంచి సంబంధమని ఊరంతా అనుకున్నారు.

సోడా కొట్టు బల్ల మీద పన్నెండేళ్లు తగాదా పడ్డాం. లోకంలో ఉన్న కారణాలన్నీ వెతికాం. అందరికన్నా పెద్ద గొంతుతో ద్రోహమని అరిచినవాడి కాల్లోనే కారణం ఉంది. వారం వారం ఆయన నన్ను అడుగుతూనే ఉన్నారు. ఒక్కసారి "నొప్పిగా ఉందండీ" అని ఉంటే చాలు. మాట తప్పకుండానే నన్ను కూర్చోబెట్టి ఉండేవారు, తనూ బందరులోనే ఉండిపోయేవారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో ఏడ్చే హక్కు నాకు లేదనిపించినా ఆగలేదు. సోడా కొట్టాయన వెనక నుంచి నా భుజం పట్టుకున్నాడు.

సమాధుల దొడ్డి ఊరి చివర చెరకు తోటల పక్కన. పొద్దున్నుంచి తుంపర వల్ల నేలంతా చిత్తడి. గేటు నుంచి సమాధి గుంట దాకా దారి పొడుగునా పసుపుపచ్చ మచ్చలు కనిపించాయి. గుడివాడ ఆటగాళ్లు పొద్దున్నే వచ్చి ఒట్టి కాళ్లతో నడిచి చల్లారట. బందరు నుంచి వచ్చేవాళ్లకు ఇక్కడి నేల తెలియదు కదండీ అన్నాడు ఒకతను. నేను మచ్చలు తప్పించుకుంటూ నడిచాను. కాలు ఎక్కడా దిగబడలేదు.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేసి వెనుదిరుగుతున్నారు. నా వంతుకు నేను కాస్త ఆగాను. "గాలి కాదండీ, నేనే ఊడ్చాను" అన్నాను. "మోకాలు నొప్పిగానే ఉంది. అప్పుడూ నొప్పిగానే ఉండేది." గట్టిగానే అన్నాను. ఎవరైనా విన్నారేమో తెలియదు.

తిరిగి వస్తుంటే గేటుకు నాలుగడుగుల ఇవతల నా కర్ర జానెడు దిగబడింది. అక్కడ మచ్చ లేదు, ఎవరి కంటా పడలేదు కాబోలు. గేటు స్తంభానికి ఆనించి, పొద్దున ఆటగాళ్లు తెచ్చిన ఊక సంచి ఉంది. సోడా కొట్టాయన్ను ఆగమని, ఒక గుప్పెడు తీసుకొచ్చి, కర్ర గుచ్చుకున్న గుంట మీద చల్లాను. వెనక ఇంకా చాలామంది వస్తున్నారు.